ఇల్ముల్ ఫిలాహ: అందలుస్ తోటలూ మన పెరళ్లూ

అజాన్‌లో మనం రోజుకు ఐదు పూటలా వినే మాటలలో 'ఫలాహ్' ఒకటి. సాఫల్యమని దానికి అర్థం చెప్పుకుంటాము. అదే ధాతువు నుండి పుట్టిన మరో మాట 'ఫిలాహ', అనగా సేద్యం. నేల దున్నేవాడు 'ఫల్లాహ్'. చీల్చడం అనేది ఈ ధాతువుకు మూలార్థమని నిఘంటుకారులు వ్రాశారు. నాగలి నేలను చీలుస్తుంది, చీలిన నేలలో నుండి మొలక వస్తుంది. మదరసాలో సర్ఫ్ పాఠం చెప్పిన ఉస్తాద్ గారు ఈ ధాతువు రూపాలన్నీ మా చేత వల్లె వేయించారు గాని, నాగలి ప్రసక్తి తెచ్చినట్టు నాకు గుర్తు లేదు. విశ్వవిద్యాలయంలో చేరాక, గ్రంథాలయం అలమారలో 'కితాబుల్ ఫిలాహ' అన్న పేరు చూసి, పరలోక సాఫల్యం గురించిన గ్రంథం కాబోలనుకొని తెరిచాను. మొదటి పుటలలోనే పెంట గురించీ, బూడిద గురించీ, పావురాల రెట్ట గురించీ ఉన్నది. నవ్వు వచ్చింది. ఆ నవ్వు తప్పని తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

ఈ వ్యాసం వ్రాయడానికి కారణం మా అక్క కొడుకు. వాడు జహీరాబాద్ ప్రాంతంలో కొన్నాళ్లుండి 'పర్మాకల్చర్' అనే సేద్య విధానం నేర్చుకొని నిడదవోలు వచ్చాడు. పాఠకులలో కొందరికి ఈ పేరు కొత్త కావచ్చును. శాశ్వత సేద్యమని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా ద్వీపంలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు 1978లో వెలువరించిన గ్రంథంతో ఈ పేరు లోకానికి తెలిసింది. ఒకే పైరును పొలమంతా పరచి, బయటి నుండి ఎరువులు, పురుగు మందులు తెచ్చిపోసే పద్ధతికి భిన్నంగా, అడవిలో చెట్లు ఒకదాని నీడలో ఒకటి పెరిగినట్టు తిండి మొక్కలను పెంచడం, ఇంటి చెత్తను నేలకే తిరిగి ఇవ్వడం, పడిన వాన చుక్కను ఆ నేలలోనే నిలపడం దీని సారాంశం. తెలుగునాట దీనికి జహీరాబాద్ ప్రాంతమే కేంద్రమయింది. అక్కడి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, తరువాత 1999 నుండి అరణ్య సంస్థ మెట్ట రైతులతో, ముఖ్యంగా స్త్రీలతో కలిసి పని చేశాయి. 2017లో ఈ విధానపు 13వ అంతర్జాతీయ సమావేశం హైదరాబాదులో జరిగింది.

"మామూ, ఇది కొత్త శాస్త్రం. మీ కితాబుల్లో ఇలాంటిది ఉండదు" అన్నాడు వాడు.

ఉన్నది. అయితే 'ఉన్నది' అని చెప్పి మీసం మెలివేయడం చాలా తేలిక. మన పత్రికలలో అలాంటి వ్యాసాలు తక్కువేమీ కావు. పడమటివారు ఏది కనిపెట్టినా అది మన గ్రంథాలలో ముందే ఉన్నదని చూపి సంతృప్తి పడడం మనకు అలవాటయింది. అసలు ఏమున్నది, ఎవరి వల్ల ఉన్నది, ఎందుకు లేకుండా పోయింది అన్న ప్రశ్నలు వేసుకుంటే చరిత్ర అంత తీపిగా ఉండదు.

ముందుగా గ్రంథాల సంగతి చూద్దాము. అరబ్బీలో సేద్యంపై వెలసిన మహాగ్రంథాలలో మొదట చెప్పుకోదగినది ఇబ్న్ వహ్షియ్య 'అల్ ఫిలాహతున్ నబతియ్య'. క్రీ.శ. 10వ శతాబ్ది ఆరంభానికి చెందినది. ఇరాక్ ప్రాంతపు పాత సుర్యానీ గ్రంథాన్ని తాను అనువదించినట్టు ఆయన చెప్పుకున్నాడు. నిజంగా అనువాదమా, ఆయన సొంత రచనా అన్న విషయమై పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. నావంటి అనువాదకునికి ఇది వింతగా తోస్తుంది. మేము ఎంత కష్టపడినా మాది సొంత రచన అనిపించుకోలేము. ఆయనేమో సొంత రచన అయినా కావచ్చుననే దానిని అనువాదమని చెప్పుకున్నాడు!

అక్కడి నుండి అందలుస్‌కు, అంటే నేటి స్పెయిన్‌కు వద్దాము. క్రీ.శ. 961 ప్రాంతంలో కార్డోవా (ఖుర్తుబా) ఖలీఫా రెండవ హకమ్ కోసం తయారైన పంచాంగమొకటి లభిస్తున్నది. అరీబ్ ఇబ్న్ సాద్ అనే ముస్లిం పండితుని పేరూ, రబీ ఇబ్న్ జైద్ అనే క్రైస్తవ బిషప్పు పేరూ దానితో ముడిపడి ఉన్నాయి. ఏ రోజులలో ఏ విత్తనం వేయాలి, ఏ చెట్టుకు అంటు కట్టాలి, ఏ పండు ఎప్పుడు పక్వానికి వస్తుంది అనే వివరాలు అందులో ఉన్నాయి. దీని వెనుక 'అన్వా' అనే పాత అరబ్బు లెక్క ఉన్నది. చంద్రుడు సంచరించే 28 మజిలీలను బట్టి వానలనూ, గాలులనూ, విత్తే రోజులనూ గుర్తుపెట్టుకునే పద్ధతి అది. మన రైతులు 27 నక్షత్రాలను బట్టి కార్తెలు లెక్కించడం పాఠకులకు తెలిసినదే. రోహిణి ఎండలు, మృగశిర చినుకులు అనే మాటలు మా నిడదవోలులో నమాజు చదివేవాడి నోటా, పూజ చేసేవాడి నోటా ఒకలాగే వస్తాయి. ఆకాశం చూసి నేలపని చేసుకోవడం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు.

ఈ శాస్త్రకారులలో నాకు మిక్కిలి ఇష్టుడు ఇబ్న్ బస్సాల్. టొలేడో (తులైతుల) పాలకుడు మామూన్ కొలువులో ఉండి, తాజో నది ఒడ్డున ఆ ప్రభువు తోటను పెంచినవాడు. హజ్ చేశాడు, దారిలో దేశాలు చూశాడు. క్రీ.శ. 1085లో టొలేడో క్రైస్తవ రాజు ఆరవ అల్ఫాన్సో వశమయింది. ఇబ్న్ బస్సాల్ దక్షిణాన సెవిల్లే (ఇష్బీలియా) చేరి, ముతమిద్ ప్రభువు కోసం మళ్లీ మొదటి నుండి తోట వేశాడు. ఆయన గ్రంథపు సంగ్రహం 16 అధ్యాయాలలో మనకు దక్కింది. 1955లో టెటువాన్‌లో స్పానిష్ అనువాదంతో అచ్చయింది. ఇందులో ఒక విశేషమున్నది. ఆనాటి గ్రంథకర్తలు పుటపుటకూ పూర్వులను ఉటంకిస్తే, ఇబ్న్ బస్సాల్ ఎవరి పేరూ చెప్పడు. తాను చేసి చూసినదే చెబుతాడు. నీళ్లు నాలుగు రకాలు: వాన నీరు, ఏటి నీరు, ఊట నీరు, బావి నీరు. నేలలు పది రకాలు: మెత్తనిది, గరుకైనది, కొండనేల, ఇసుకనేల, నల్లది, తెల్లది, ఎర్రది, ఇలా. ప్రతి నేలకూ దాని గుణం, దాని లోపం, ఆ లోపానికి విరుగుడు చెబుతాడు. పనికిరాని నేల అని తేలికగా దేనినీ కొట్టివేయడు.

12వ శతాబ్ది చివర సెవిల్లేకు చెందిన ఇబ్నుల్ అవ్వామ్ ఈ విద్యనంతటినీ ఒక్కచోట కుప్పపోశాడు. 585 మొక్కల ప్రస్తావన ఉన్న బృహద్గ్రంథమది. గ్రీకుల మాట, రోమనుల మాట, నబతీయుల మాట, ఇబ్న్ బస్సాల్ వంటి స్వదేశీయుల మాట అన్నీ పేరుపేరునా చెప్పి, ఆపై తన ఊరి పొలాలలో తాను పరీక్షించి చూసిన సంగతి చెబుతాడు. పచ్చి పెంట వేయరాదు, మాగనివ్వాలి అంటాడు. ఏ చెట్టు పక్కన ఏ చెట్టు సుఖంగా పెరుగుతుందో, ఏది దేనికి గిట్టదో ఒక ప్రకరణంగా వ్రాశాడు. చెట్టు మొదట్లో మట్టి కుండ పాతి, దాని నుండి నీరు కొద్దికొద్దిగా వేళ్లకు అందేలా చేసే ఉపాయం చెప్పాడు. ఈ కుండ పద్ధతిని వర్షాలు తక్కువైన మన సీమలలో మొక్కలు బతికించుకోవడానికి నేటికీ వాడుతున్నారు. మా మేనల్లుడు జహీరాబాద్‌లో నేర్చుకొని వచ్చిన వాటిలో అదీ ఒకటి.

ఇక్కడ పంటల సంగతి కొంత చెప్పుకోవాలి. ఆండ్రూ వాట్సన్ అనే చరిత్రకారుడు 1974లో ఒక వ్యాసంలోనూ, 1983లో ఒక గ్రంథంలోనూ, ఇస్లాం తొలి శతాబ్దాలలో తూర్పు నుండి పడమటికి పంటలు పెద్ద ఎత్తున ప్రయాణించాయని ప్రతిపాదించాడు. ఆయన ఇచ్చిన జాబితా చూడండి: వరి, చెరకు, పత్తి, వంకాయ, చేమ, పాలకూర, పుచ్చ, నిమ్మ, నారింజ, అరటి, కొబ్బరి, మామిడి ఇత్యాదులు. గోదావరి డెల్టా పాఠకునికి ఇది తన పెరడు వర్ణన వలె తోస్తుంది! స్పానిష్‌లో 'నరాంహా', అరబ్బీలో 'నారంజ్', మన 'నారింజ' ఒకే మాట రూపాంతరాలు. వాట్సన్ మాటను అందరూ ఒప్పుకోలేదు. ఈ పంటలలో కొన్ని రోమనుల కాలానికే మధ్యధరా తీరంలో తెలుసునని మైకేల్ డెక్కర్ వంటివారు 2009లో గట్టిగా వాదించారు. ఆ విమర్శలో బలమున్నది. కానీ తెలియడం వేరు, ఊరూరా పండించడం వేరు. వేసవిలో వాన పడని దేశంలో అరటిని, చెరకును, వరిని నిలబెట్టాలంటే నీటి ఏర్పాటు కావాలి, ఆ నీటిని పంచుకునే కట్టుబాటు కావాలి, రోజూ పారలు పట్టే చేతులు కావాలి. వంగ విత్తనం ఓడలో వస్తుంది. దానికి నీళ్లు పెట్టేవాడు ఓడలో దిగినంత మాత్రాన సరిపోదు, అక్కడే ఉండిపోవాలి.

ఈ మాట నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు. ఇబ్న్ బస్సాల్ ఎరువుల అధ్యాయం తెలుగు చేస్తూ, పశువుల పెంట దొరకనప్పుడు గడ్డి, ఆకులలము గోతిలో వేసి, బూడిద చల్లి, నీళ్లు పోసి ఎరువు తయారు చేసుకునే పద్ధతి వద్దకు వచ్చాను. అరబ్బీ మాటకు నిఘంటువు చూసి 'బాగా కుళ్ళిన తరువాత' అని వ్రాశాను. సాయంత్రం అమ్మీకి చదివి వినిపించాను. ఆమెకు అరబ్బీలో ఖుర్ఆన్ పారాయణం తప్ప మరేమీ రాదు. తెలుగు చదవడం కూడా అంతంత మాత్రమే. కానీ నేను ఆ వాక్యం దగ్గరకు రాగానే ఆపింది.

"కుళ్ళడం కాదు బేటా, మాగడం. కుళ్ళింది కంపు కొడుతుంది. మాగింది మట్టి వాసన వేస్తుంది. కుళ్ళింది వేస్తే మొక్క చచ్చిపోదూ?"

నాకు నిజంగా సిగ్గువేసింది. నేను చేసిన తప్పు మాటకు సంబంధించినది కాదు, పనికి సంబంధించినది. నా వాక్యం నమ్మి ఎవరైనా పెరట్లో అలా చేస్తే మొక్కలు చచ్చేవి. ఆ రాత్రి అధ్యాయమంతా తిరగవ్రాశాను. తరువాత ఆమె చిన్నప్పటి పెరడు వర్ణించమని అడిగాను. పైన కొబ్బరి, దాని కింద అరటి, అరటి నీడలో పసుపు, కంద. దడి మీదికి బచ్చలి, దొండపాదు. బావి దగ్గర చేమ. వంటింటి నీళ్లు పారే కాలువ చివర అరటిగుంపు. పొయ్యి బూడిద కూరమడులకు. మూలన పెంటకుప్ప, దాని మీద కోళ్లు. మా మేనల్లుడు పక్కనే కూర్చొని తన నోటు పుస్తకంలో వరుసగా వ్రాసుకున్నాడు. వాడికి జహీరాబాద్‌లో నేర్పిన అంతస్తుల లెక్క అదేనట. నానీ చెబుతున్నదీ తాను నేర్చుకున్నదీ కలిసిన చోటల్లా వాడు గీత గీశాడు. ఆ పుట చాలా వరకు గీతలే.

గ్రంథాలన్నీ మా అమ్మీ వంటి వారి మాటలేనని దీని అర్థం కాదు. తప్పులూ ఉన్నాయి. పొంతన లేని జాతుల చెట్లను ఒకదానిపై ఒకటి అంటుగట్టే విచిత్రాలు ఇబ్నుల్ అవ్వామ్ పూర్వుల నుండి సేకరించి చెప్పాడు. ఆ భాగం పట్టుకొని గోదావరి దాటి కడియం వెళ్లాను. కడియపులంకలో తరతరాలుగా అంట్లు కట్టే కుటుంబాలున్నాయని పాఠకులకు తెలుసును. అక్కడ ఒక పెద్దాయన ఓపికగా విని, "మామిడి మీద మామిడి పడుతుందండీ, రాసినాయన ఎవరో గాని కత్తి పట్టి ఉండడు" అన్నాడు. కత్తి పట్టని పూర్వుల మాటను గౌరవంతో ఎత్తివ్రాయడం మన పండితులకు కొత్త జబ్బు కాదన్నమాట. ఇక్కడ ఇంకొక ముచ్చట. ఉర్దూలో, ఫార్సీలో అంటుకొమ్మను 'ఖలమ్' అంటారు. వ్రాసే కలాన్నీ అదే మాటతో పిలుస్తారు. నేను పట్టినది ఒక ఖలమ్, ఆయన పట్టినది మరొకటి.

మన దేశంలోనూ ఈ విద్యకు గ్రంథముంది. 'నుస్ఖా దర్ ఫన్నె ఫలాహత్' అనే ఫార్సీ వ్రాతప్రతి 17వ శతాబ్దిది. షాజహాన్ కుమారుడు దారా షికోహ్ పేరిట ప్రసిద్ధం. అది అమానుల్లా హుసైనీ 'గంజె బాదావర్ద్' నుండి తీసిన భాగమని చెప్పే పరిశోధకులూ ఉన్నారు. 2000లో రజియా అక్బర్ దానిని ఇంగ్లీషు చేయగా, వై.ఎల్. నేనె సికింద్రాబాదులో నెలకొల్పిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. సురపాలుని వృక్షాయుర్వేదాన్ని అంతకు ముందు 1996లో ఇంగ్లీషులో వెలువరించినదీ ఆ సంస్థే. సంస్కృత వ్రాతప్రతీ, ఫార్సీ వ్రాతప్రతీ ఒకే అరుగు మీదికి రావడం నాకు నచ్చింది.

ఇంత గ్రంథ సంపద ఉండగా అందలుస్ తోటలు ఎందుకు ఎండాయి? ఇక్కడే అసలు చరిత్ర ఉన్నది.

వాలెన్సియా (బలన్సియా) మన డెల్టా వంటి సీమ. కాలువలు, వరి, చెరకు, తోటలు. పంట కాలువను అక్కడ 'అసేకియా' అంటారు. అది మన 'సాఖియా'. పొలాలకు నీటి వంతుల తగవులు వస్తే రైతులే ఎన్నుకున్న పెద్దలు ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి వాకిట కూర్చొని నోటిమాటగా తీర్పు చెబుతారు. ఆ చర్చి ఉన్న చోట పూర్వం జామె మసీదు ఉండేది. ఈ నీటి న్యాయస్థానం మూలాలు ముస్లిం పాలనా కాలంలో ఉన్నాయని సంప్రదాయం చెబుతుంది. 2009లో యునెస్కో దీనిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ముస్లిం రాజ్యాలు పోయిన తరువాత కూడా ఆ కాలువలపై పని చేసినవారు చాలా వరకు పాత ముస్లిం కుటుంబాలవారే. బలవంతాన క్రైస్తవం పుచ్చుకొన్న వీరిని 'మొరిస్కోలు' అన్నారు. క్రీ.శ. 1609 సెప్టెంబరు 22న వాలెన్సియాలో వీరందరినీ దేశం నుండి వెళ్లగొడుతూ శాసనం వెలువడింది. మూడు రోజులలో ఓడరేవులకు బయలుదేరాలి. మోయగలిగినదే తీసుకుపోవాలి. అంత కఠినమైన శాసనంలో ఒక వింత నిబంధన ఉన్నది. నూటికి ఆరు కుటుంబాలను ఉండనివ్వవచ్చునట. ఎందుకంటే ఇళ్లను, చెరకు గానుగలను, వరి పంటను, నీటి కాలువలను కాపాడడానికి, కొత్తగా వచ్చి స్థిరపడేవారికి పని నేర్పడానికి.

ఈ నిబంధనను నేను పలుమార్లు చదివాను. ఆ మనుషుల విశ్వాసాన్ని, భాషను, వేషాన్ని, చివరకు వారి ఉనికినే సహించలేని ప్రభుత్వం కూడా వారి చేతులు లేకపోతే వరి పండదని గుర్తించింది. గ్రంథాలు దాచుకొమ్మని శాసనం చెప్పలేదు. మనుషులను ఉంచుకొమ్మని చెప్పింది, అదీ నూటికి ఆరుగురిని.

ఆ ఆరుగురు ఉండడానికి ఇష్టపడలేదు. అందరూ పోతుంటే మేము మాత్రం ఉండి ఏం చేస్తామన్నారు. వాలెన్సియా తన జనాభాలో దాదాపు మూడవ వంతును కోల్పోయింది. 1614 నాటికి స్పెయిన్ మొత్తం మీద సుమారు 3 లక్షల మంది వెళ్లగొట్టబడ్డారు. చాలామంది ఉత్తర ఆఫ్రికా చేరారు. ట్యునీసియాలో వీరు వేసిన తోటలు పేరుపొందాయి.

తరువాతి ఘట్టం 1802లో. స్పెయిన్ సేద్యం దిగజారిందని బెంగపడిన అక్కడి పెద్దలు, పాత అరబ్బు విద్యను తిరిగి తెచ్చుకోవాలనుకున్నారు. బంకేరి అనే పండితుడు ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథాన్ని స్పానిష్ చేయగా, మూలంతో సహా రెండు సంపుటాలుగా మాడ్రిడ్‌లో అచ్చువేశారు. ఆ అచ్చుప్రతి వల్లనే మనకు నేడు ఈ గ్రంథం సులభంగా దొరుకుతున్నది. అందుకు ఆ అనువాదకునికి నేను ఋణపడి ఉన్నాను. కానీ చేతులను సముద్రంలోకి తరిమి, 193 ఏళ్ల తరువాత వారి పుస్తకాన్ని అనువదించుకోవడం ఎంత విచిత్రం! అక్కడ 'మాగడం' అనే చోట బంకేరి ఏ మాట వేశాడో గాని, సరిదిద్దే అమ్మీ ఆయన దగ్గర లేదు.

మా ఊరి నుండి ఎవరూ ఎవరినీ తరమలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి మా మండలంలోని విజ్జేశ్వరం వద్ద పశ్చిమ డెల్టా కాలువ మొదలై నీళ్లు పారుతూనే ఉన్నాయి. నిండుగా పారే ఏటి ఒడ్డున వుజూ చేసుకుంటున్నా నీరు వృథా చేయవద్దని దైవప్రవక్త (స) వారించిన హదీసును ఇబ్న్ మాజా ఉల్లేఖించారు. అది ఎడారివారికి చెప్పిన మాట అనుకుంటాము గాని, ఏరు పారే చోటు గురించే చెప్పారన్నది గమనించాలి. మా పెరళ్లు నీరు లేక పోలేదు. ఒక గది పెంచుకుందామని, బండి నిలుపుకుందామని, బురద లేకుండా ఉంటుందని ఒక్కొక్కరే సిమెంటు పోశాము. మా ఇంట్లో ఆ పని చేయించినది నేనే. దావతుకు బంధువులు వస్తున్నారని, అమ్మీ వద్దంటున్నా వినకుండా, బావి పక్క చేమమడితో సహా మూయించాను. ఆ రోజులలోనే నేను ఇబ్నుల్ అవ్వామ్ గురించి ఒక సభలో ప్రసంగించి చప్పట్లు కొట్టించుకున్నాను.

గత వేసవిలో కాలువలు కట్టేసిన రోజులలో మామా అల్లుళ్లం కలిసి ఆ సిమెంటు పగలగొట్టాము. కింద నేల తెల్లబోయి రాయిలా ఉన్నది. ఇబ్న్ బస్సాల్ పది నేలలలో అది ఏ నేలో తేల్చుకోలేక పుస్తకం తెచ్చి చూశాను. అమ్మీ పుస్తకం వైపు చూడకుండా, పిడికెడు మట్టి తీసి నీళ్లు చిలకరించి నలిపింది. ముందు పిల్లిపెసర చల్లమన్నది, పూత వచ్చాక అక్కడే తొక్కించి కలపమన్నది, అటుపైన రెండు వానలు పడ్డాక అడగమన్నది. పిల్లిపెసర చల్లాము. మొలిచింది, కొన్నిచోట్ల పలచగా. బావి పక్క మాత్రం ఇంకా ఏమీ రాలేదు.